పదికి ఏడు

రెండు ఓడలు ఆ ఇంటి భోజనాల బల్ల మీద లంగరు వేసి తొమ్మిది రోజులైంది. ఒకటి పదిహేను అంతస్తుల ‘మెరైన్ లారెల్’. రెండోది నాలుగు వందల మందికి మించి ఎక్కించుకోని ‘తారామతి’. రెంటి రంగుల పుస్తకాలూ ఉప్పు సీసాకు చెరో పక్కన తెరిచి ఉన్నాయి. జగదల్‌పూర్ ధరంపురాలో, సముద్రానికి మూడు వందల కిలోమీటర్ల ఎగువన కూర్చుని, హరిబాబు సూర్యకాంతం దంపతులు తమ నాలుగో సముద్రయానానికి ఓడను ఎంచుకుంటున్నారు.

అభిరుచుల విషయంలో ఆ ఇద్దరికీ ఏ రేవులోనూ పొత్తు కుదరలేదు. హరిబాబు ముప్ఫై నాలుగేళ్లు బచేలీ గనిలో ఇనుపరాయిని పరీక్షించిన రసాయనశాస్త్రజ్ఞుడు. ఆయన సంతకం పెట్టిన రాయి రైళ్లకొద్దీ ఘాట్ దిగి విశాఖ చేరి ఓడలెక్కింది. ఆయన మాత్రం ఉద్యోగం విరమించే దాకా ఒక్క ఓడనైనా చూడలేదు. అందుకే ఆయనకు పెద్ద ఓడ కావాలి, బాల్కనీ గది కావాలి, అదీ రేవు దాటేటప్పుడు ఇనుపరాయి నింపుకునే నావలు కనిపించే వైపున కావాలి. అవి కనబడగానే “మన కొండ పోతోంది చూడు కాంతం” అంటాడు. అదే గని పట్టణంలో ప్రధానోపాధ్యాయినిగా పనిచేసి విరమించిన సూర్యకాంతానికి చిన్న ఓడ కావాలి. రెండో రోజుకల్లా తోటి ప్రయాణికుల ముఖాలు గుర్తుండాలి. గది కింది అంతస్తులో, ఓడకు నడిమధ్యన, ఊపు తక్కువగా ఉన్నచోట ఉండాలి. భోజనానికి ప్రతి రాత్రీ అదే బల్ల, అదే కుర్చీ ఉండాలి. డెక్కు మీద పాటలు మోగకూడదు. పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడే భోజనాన్ని ఆమె భోజనమని ఒప్పుకోదు.

అయినా ఇప్పుడు పెద్ద ఓడకు తలవంచింది ఆమే. కారణం మాసే. నిరుడు మెరైన్ లారెల్‌లో వారి గది చూసుకున్న అమ్మాయి అది. బస్తర్‌లోనే భేజ్జి దగ్గరి పల్లె పిల్ల. ఆ ఓడలో గది సర్దేవాళ్లు పక్క మీద తువ్వాళ్లతో హంసలూ ఏనుగులూ చేసి పెడతారు. ఈ దంపతులది బస్తర్ అని తెలిసిన మర్నాడు మాసే తువ్వాలుతో, తమ పల్లె ఆటల్లో పెట్టుకునే దున్నకొమ్ముల తలపాగా చేసి పెట్టింది. హరిబాబు దానిని విప్పనివ్వక, ఒళ్లు తుడుచుకోవడానికి ఇంకో తువ్వాలు అడిగి తెచ్చుకున్నాడు. “ఆ పిల్ల ఉంటుందంటే సరే, పెద్ద ఓడే కానివ్వండి” అని సూర్యకాంతం అన్న క్షణానే గేటు చప్పుడైంది. నడిసముద్రంలో ఉండవలసిన మాసే, తునికాకు మరకలతో నల్లబడిన చేతులతో, వాకిట్లో నిలబడి ఉంది.

క్రితం శనివారం సంచికలో అక్కడ ఆగిన కథ ఇక్కడ మొదలు.

“లోపలికి రా మాసే. కూర్చో” అంది సూర్యకాంతం.

“పర్లేదమ్మా, నిలబడ్త.”

“కూర్చోమన్నాను.”

“అలవాటు లేదమ్మా. మీ గదిల నేను ఎన్నడన్న కూసున్ననా?” మాసే చిన్నగా నవ్వింది. నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. సూర్యకాంతం ఇచ్చిన నీళ్లు తాగి, గ్లాసును కడిగి బోర్లించబోయి, ఆమె చూపుకు ఆగి, బల్ల మీదే పెట్టింది.

హరిబాబు మాత్రం పండుగలా ఉన్నాడు. “సెలవు మీద వచ్చావా? మంచి సమయానికి వచ్చావు. ఇదిగో, మీ ఓడే. ఏ అంతస్తులో గది తీసుకోమంటావు? తొమ్మిదా, పదా? ఏడో అంతస్తు బాల్కనీకి పైన పడవ వేలాడుతుందట కదా?”

“పది మంచిది సారూ. తొమ్మిదిల వంటింటి వాసనొస్తది.” జవాబు వెంటనే వచ్చింది, ఉద్యోగం ఇంకా నాలుక మీదే ఉంది. తరువాత మాసే తన గుడ్డసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో నాలుగు మడతల కాగితం ఉంది. విప్పకుండా రెండు చేతులతో పట్టుకుంది.

“సారూ, ఒక్క మాట అడిగి పోదామని వొచ్చిన. నెల దినాల సంది రావాల్నా వొద్దా అనుకుంటనే ఉన్న. మీ గదిల నేను ఏం తప్పు జేసిన?”

హరిబాబు అర్థం కానట్టు భార్య వంక చూశాడు.

“తప్పేమిటి? నీ పనికి వంక పెట్టినవాళ్లు ఎవరు?” అంది సూర్యకాంతం. ఆమె గొంతు అప్పటికే బడి గొంతు అయింది. అన్యాయం జరిగిందన్న వాసన తగిలితే ఆ గొంతు దానంతట అదే వస్తుంది.

“మీరే కదమ్మా.”

మాసే కాగితం విప్పి బల్ల మీద, రెండు ఓడల మధ్య, పరిచింది. ప్రయాణం ఆఖరి రాత్రి గది తలుపు కిందినుంచి జారవేసే అభిప్రాయ పత్రానికి అది నకలు. శుభ్రత, మర్యాద, వేగం, శ్రద్ధ, మొత్తం మీద: ఐదు గళ్లు. ఒక్కొక్కదానికి పదికి ఇన్ని మార్కులని వేయాలి. ఐదు గళ్లలోనూ గుండ్రని, నిదానమైన చేతిరాతతో ఏడు, ఏడు, ఏడు, ఏడు, ఏడు. వ్యాఖ్య రాయవలసిన చోటు ఖాళీ.

“తొమ్మిది, పది అయితే మంచి. ఎనిమిది అయితే ఊకుంటరు. ఏడు గాని, దాని కింద గాని పడితే, ముసాఫిరుకు కోపమొచ్చినట్టు లెక్క” అని మాసే, ఎవరినీ నిందించని గొంతుతో, ఓడలో నేర్పిన పాఠం చెప్పినట్టు చెప్పింది. “తొమ్మిది నెలల కాంట్రాక్టు అయినంక మళ్లీ రాయాల్నా వొద్దా అని ఇవే చూస్తరు. నాకు అందరూ పది ఏసిన్రు. ఒక్క గదిల ఐదు ఏడులు. సూపర్‌వైజర్ నన్ను పిలిచి నవ్విండు. చీనావోళ్లకు నచ్చినవ్, జర్మనీవోళ్లకు నచ్చినవ్, నీ ఊరోళ్లకు, నీ మాట మాట్లాడెటోళ్లకే నచ్చలేదా అన్నడు. దిగిపొమ్మన్నరు.”

ఆమె కాగితం మడతను గోటితో సవరించింది.

“నౌకరీ పోయిన దుఃఖం కొంచెమే. గా మాటే పోతలేదు. తునికాకు కట్ట కడుతుంటె కూడ అదే. ఏం తప్పు జేసిన్నో చెప్తె, పోత.”

సూర్యకాంతం నెమ్మదిగా భర్త వైపు తిరిగింది.

“ఏవండీ. మీరు వేశారా ఈ అంకెలు?”

“వేశాను” అన్నాడు హరిబాబు. ఆయన ముఖంలో అపరాధం లేదు, అయోమయం ఉంది. “అంతకంటే ఎక్కువ ఎవరికీ ఎప్పుడూ వేయలేదు. కెప్టెన్‌కు కూడా ఆరే వేశాను.”

“పదికి ఏడు ఎక్కువా?”

“కాంతం, నీకు తెలియనిదా? మన కొండ రాయిలో, మలినం రవ్వంత కూడా లేకుండా దేవుడే స్వయంగా చేసి పెట్టినా, ఇనుము నూటికి అరవై తొమ్మిది దశాంశం తొమ్మిది నాలుగు. డెబ్బై దాటదు. అరవై ఏడు వచ్చిన రోజున ప్రయోగశాలంతా మిఠాయి తిన్నాం. తొంభై వచ్చిందని ఎవడైనా రాస్తే వాడికి పరీక్ష చేయడం రాదని అర్థం.” మాసే వైపు తిరిగాడు. “ఏడంటే నిండు, తల్లీ. ఇక పైన లేదు.”

“అంటే సారూ,” మాసే కాగితం మీది అంకెల్ని వేలితో తాకింది, “ఏడు మీదికి లేదా?”

“నా లెక్కలో లేదు.”

“మరి పది దాక ఎందుకు పెట్టిన్రు?”

“ఎందుకో నాకూ తెలియలేదు. నూరు దాకా గీతలు మా కొలత గాజుగొట్టానికీ ఉండేవి.”

మాసే ఆయనను తేరిపార చూసింది. ఆ తరువాత, ఎవరూ చెప్పకుండానే, కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చుని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో సూర్యకాంతానికి కొంతసేపు తెలియలేదు. రెండూ అని తరువాత తెలిసింది.

“గీ మాట ఓడ మీద ఒక్కపారి చెప్తె మీ సొమ్మేం పోతుండె సారూ” అంది చివరికి. “నోట్ల ముత్యాలు రాలిపోతయా ఏంది?”

“అంకె ఉన్నచోట మాట దేనికని…” హరిబాబు గొంతు తగ్గింది. ముప్ఫై నాలుగేళ్ల ఆయన నివేదికల్లో ఒక్క విశేషణం లేదు. ‘బాగుంది’ అని రాయవలసిన అవసరం ఆయనకు జీవితంలో ఎన్నడూ రాలేదు.

సూర్యకాంతం నవ్వలేదు. మెరైన్ లారెల్ రంగుల పుస్తకాన్ని మూసి, బల్ల చివరకు, నేల మీద పడిపోయేంత అంచుకు తోసింది. “అందరి పదుల్నీ కాదని ఒక్క గది ఏడుల్ని పట్టుకుని మనిషిని దింపేసే ఓడ మెట్టు నేను ఎక్కను. ఎన్ని అంతస్తులున్నా ఎక్కను.” ఆ తరువాత భర్తతో అంది: “మీరు ఇప్పుడే రాయండి. పొరబాటున ఏడు వేశాను, అవి పది అని.”

“అలా రాయను.”

“రాయరా?”

“ఏడు పొరబాటు కాదు. ఏడు నిజం.” ఆయన గొంతు పెంచలేదు, పెంచని గొంతే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. “ఒకసారి కొనుగోలుదారు తరఫు మనిషి పళ్లబుట్టతో ఇంటికి వచ్చాడు, గుర్తుందా? ధర తగ్గేలా అరవై అయిదును అరవై మూడు చేయమన్నాడు. నువ్వే బుట్ట బయట పెట్టించావు. అంకె అంకేనని అన్నది నువ్వే.”

సూర్యకాంతానికి గుర్తుంది. ఆ బుట్టలోని ద్రాక్షపళ్ల వాసన కూడా గుర్తుంది. న్యాయమంటే ఇన్నాళ్లూ ఆమెకు, తప్పు చేసినవాడిని వెదికి పట్టుకుని వాడి ఎదుట తప్పును నిలబెట్టడం. ఇక్కడ తప్పు చేసినవాడు దొరకడం లేదు. మనిషి నిజాయితీగా అంకె వేశాడు. ఓడ తన నియమం ప్రకారం ఆ అంకెను చదివింది. మధ్యలో ఒక పిల్ల బతుకు జారిపోయింది.

ఆమె ఆ పత్రాన్ని తన వైపు తిప్పుకుంది. కళ్లద్దాలు సరిచేసుకుని, ఐదు ఏడుల కిందికి, ఆఖరి గీత దాకా చదివింది. గది ప్రయాణికుల సంతకాలు. మొదటిది హరిబాబుది. రెండోది పొడుగ్గా, వాలుగా, కాన్వెంటు బడిలో సన్యాసినులు స్కేలు పెట్టి నేర్పిన అక్షరాలతో, తనది.

ఓడలో ఆ ఆఖరి రాత్రి తను పెట్టెలు సర్దుతోంది. హరిబాబు కలం అందించి, “ఇక్కడ కూడా పెట్టు” అన్నాడు. పెట్టింది. పెట్టెలో చీరలు నలగకుండా ఉండాలన్న ధ్యాసలో, కాగితం మీద ఏముందో చూడలేదు. ఎంతమంది తండ్రులను ఆమె తన గదిలో నిలబెట్టి, పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు చదవకుండా సంతకం చేసినందుకు తలవంచుకునేలా చేసిందో ఆమెకే లెక్క లేదు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. తనకు వచ్చు.

సూర్యకాంతం లేచి నిలబడింది.

“మాసే, ఇది నా సంతకం. చదవకుండా పెట్టాను. చదివి ఉంటే ఆయన్ను ఆ నిమిషానే అడిగేదాన్ని. ఆయన ఈ రాయి కథ చెప్పేవాడు. నేను ఆ ఖాళీలో నాలుగు మాటలు రాసేదాన్ని. ఆ నాలుగు మాటలతో నీ ఉద్యోగం నిలిచేది. తప్పు నాది. క్షమించమని అడుగుతున్నాను.”

మాసే కంగారుగా లేవబోయింది. “అయ్యో, కూసోన్రి అమ్మా. మీరు గట్ల నిలబడి చెప్తె నాకు భయమైతది.”

“నిలబడే చెప్పాలి. ఇది అలాంటి మాట.”

కొంతసేపటికి సూర్యకాంతం కూర్చుంది. కూర్చున్నాక ఆమె మెదడు మళ్లీ తన పద్ధతిలో పని మొదలుపెట్టింది. “ఏవండీ, అంకె మార్చకండి. కొలబద్ద చెప్పండి. మీ గొట్టం మీద నూరు గీతలున్నా డెబ్బై దగ్గరే ఆగుతుందని వాళ్లకు తెలియదు కదా. తెలియజేయడం అబద్ధం కాదు.”

హరిబాబు ఆలోచించాడు. రసాయనం బొట్టు బొట్టుగా జార్చి, ఊదారంగు తిరిగే బొట్టు దగ్గర చెయ్యి ఆపేవాడికి ఉండే ఓపికతో ఆలోచించాడు. తరువాత కాగితం అందుకున్నాడు.

“అయ్యా,” అని ఇంగ్లీషులో మొదలైంది ఆ ఉత్తరం. “నేను ముప్ఫై నాలుగేళ్లు ఇనుపరాయిని పరీక్షించాను. ఆ రాయిలో ఇనుము నూటికి డెబ్బై పాళ్లకు మించదు. అలవాటు చొప్పున మీ పత్రంలో నేను ఏడు దగ్గరే ఆగాను. సోడి మాసేకు నేను వేసిన ఏడు, మీ కొలతలో పది. అంకె సరైనదే. కొలత చెప్పకపోవడం నా తప్పు.” సూర్యకాంతం రెండు కామాలు చేర్చి, ఒక పునరుక్తి కొట్టేసి, కింద తన చేత్తో రాసింది: “నేను చదవకుండా సంతకం చేశాను. అందుకు క్షమాపణ ఆమెకే చెప్పుకున్నాను. మీరు చేయవలసినది మిగిలి ఉంది.”

“ఇది ఎప్పటిలోగా చేరాలి?” అని అడిగింది.

“అప్పీలుకు ఇయ్యాలే ఆఖరు దినం. అయిదు గంటల దాక” అంది మాసే, నేల వైపు చూస్తూ.

మూడున్నర అయింది. సూర్యకాంతం విశాఖలోని ఆ ఓడల కంపెనీ కార్యాలయానికి ఫోను చేసింది. నవీన అనే అమ్మాయి పలికింది. ఉత్తరం చదివి వినిపిస్తే, మర్యాదగా, తొందరపడకుండా అంతా విన్నది; ఫొటో తీసి పంపినా చాలంది.

“లెటర్ చాలా బాగుంది మేడమ్. కాకపోతే చిన్న ప్రాబ్లం. ఉద్యోగుల అప్పీలుకు గెస్టుల లెటరు జత చేయాలంటే, ఆ గెస్టులకు మా దగ్గర కరెంట్ బుకింగ్ ఉండాలి. లేకపోతే పాత గెస్టుల ఉత్తరాల ఫైల్లోకి వెళ్తుంది. అది తెరిచేసరికి నెలన్నర.”

“మా మాట నిజమో కాదో టిక్కెట్టును బట్టి తేలుతుందా?”

“రూల్ అలా ఉంది మేడమ్. మొన్న మీరు అక్టోబరు ట్రిప్పు గురించి అడిగారు కదా. పదో అంతస్తులో బాల్కనీ గది ఒక్కటే ఉంది. పది నిమిషాలు ఆపి ఉంచమంటారా?”

సూర్యకాంతం ఫోనును అరచేత్తో మూసి, విన్నది విన్నట్టు ఇద్దరికీ చెప్పింది. హరిబాబు గడ్డం గోక్కున్నాడు. “నేనొక్కణ్నే వెళ్తాను కాంతం. నీ మాట నీకు దక్కుతుంది.”

“వొద్దు సారూ” అంది మాసే. “అమ్మ ఎక్కనని ఇప్పుడే అన్నరు. నా కోసం ఎక్కొద్దు.”

సూర్యకాంతం బల్ల అంచున వేలాడుతున్న రంగుల పుస్తకాన్ని చూసింది. ఉత్తరం ఎంత బాగా రాసినా ఉత్తరమే. దాన్ని ఏదో ఒక ఫైల్లో పెట్టవచ్చు. మనిషిని ఫైల్లో పెట్టలేరు. ప్రతి రాత్రీ అదే బల్ల దగ్గర, అదే కుర్చీలో కూర్చునే మనిషిని సూపర్‌వైజర్ రోజూ చూడక తప్పదు. మాట తప్పుతున్నానని ఆమెకు తెలుసు. తప్పవలసిన మాటలు కొన్ని ఉంటాయని అరవై ఆరో ఏట తెలియడం ఆలస్యమే, కానీ అనర్థం కాదు.

“నవీనా, ఆ గదిలో మూడో పడక వేస్తారా?”

“సోఫాయే పక్క అవుతుంది మేడమ్. పిల్లలెవరైనా వస్తున్నారా?”

“పిల్లలు కాదు. పేర్లు రాసుకోండి. మొదటి పేరు సోడి మాసే. ఆ తరువాత మా ఇద్దరివీ.”

అవతల టైపు చప్పుడు ఆగింది. “మేడమ్… ఆ పేరు మా స్టాఫ్‌ది కదా.”

“మీరు తీసేశాక మీ స్టాఫ్ కాదు. తీసేసినవాళ్లు ప్రయాణికులుగా రాకూడదన్న నిబంధన ఉంటే చదివి వినిపించండి, వింటాను.”

అవతల టైపు చప్పుడు మళ్లీ మొదలై ఆగింది. “అలాంటిదేమీ లేదు మేడమ్” అంది నవీన. ఆ గొంతులో కొద్దిగా నవ్వు కూడా ఉన్నట్టు తోచింది. “ఆవిడ పాస్‌పోర్టు నంబరు చెప్పండి.”

సూర్యకాంతం ఫోనును మాసే ముందుకు చాచింది. “నీ నంబరు నువ్వే చెప్పు. నాకు జ్ఞాపకం ఉండవలసిన నంబరు కాదది.”

మాసే చేయి చాచలేదు. నల్లబడ్డ రెండు చేతులనూ ఒళ్లో ఒకదానిలో ఒకటి బిగించుకుంది.

“అమ్మా,” అంది, ఫోనుకు వినబడనంత మెల్లగా. “నెల దినాలు ఎందుకు రాలేదని మీరు అడగలే. పదో అంతస్తుల ఇప్పుడు పక్కలు సర్దేది మా భీమే. మా చిన్నాయిన బిడ్డ. ట్రైనింగ్ సెంటర్ల నా ఎనకాల పేరు ఆమెదే. నన్ను దింపి ఆమెను ఎక్కించిన్రు. నా అప్పీలు గెలిస్తె, నా జాగ నాకిస్తరు. అప్పుడు దిగేది ఆమె.”

హరిబాబు చేతిలో ఉత్తరం ఉంది. సంతకాల సిరా ఇంకా ఆరలేదు. సూర్యకాంతం చాచిన చేయి అలాగే గాలిలో ఉండిపోయింది. ఫోనులోంచి నవీన గొంతు, చిన్నగా, మర్యాదగా అడుగుతోంది.

“మేడమ్, లైన్‌లో ఉన్నారా? గది ఉంచమంటారా, వదిలేయమంటారా?”